ఆంపూల్‌లో నూలుపోగు కనిపిస్తే ఉత్తరం ఎవరికి రాయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: బీఫార్మసీ చివరి ఏడాది చదువుతున్నారు. ఔషధ నియంత్రణ సంస్థ, ఫార్మసీ కౌన్సిల్, ఫార్మకోపియా కమిషన్, ఫార్మసిస్టుల సంఘం, వీటన్నిటి పైన మళ్లీ అంతర్జాతీయ సంస్థలు. పేర్లూ, పెట్టిన సంవత్సరాలూ పరీక్ష కోసం బట్టీ పట్టారు. కానీ రేపు ఉద్యోగంలో చేరాక వీటిలో ఎవరితో ఏం పని పడుతుందో అర్థం కావడం లేదు. కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉంటే చాలదా, సంఘంలో సభ్యత్వం దండగ కాదా అని కూడా అడిగారు.

ఈ గందరగోళం మీ ఒక్కరిదే కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను, ఎక్కువ కాలం ఆసుపత్రి ఫార్మసీలో, కొన్నేళ్లు మందుల తయారీలో క్వాలిటీ విభాగంలో. అయినా మొదట్లో నేను చేసిన పొరపాటు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక ఇంజెక్షన్ ఆంపూల్‌ని, అంటే మందు నింపి మూసేసిన చిన్న గాజు గొట్టాన్ని, లైటుకి ఎదురుగా పట్టి చూస్తే లోపల సన్నటి నూలుపోగు లాంటిది మెల్లగా తిరుగుతూ కనిపించింది. అదే పెట్టెలో ఇంకో రెండిట్లోనూ అంతే. ఒళ్లు మండిపోయింది. ఆ మూడూ చెత్తబుట్టలో పారేసి, ఆ సాయంత్రమే రెండు పేజీల ఫిర్యాదు రాసి ఫార్మసీ కౌన్సిల్‌కి పంపాను. నా సర్టిఫికెట్ మీద సంతకం వాళ్లది కాబట్టి నా పైవాళ్లు వాళ్లే అనుకున్నాను. మూడు వారాల తర్వాత ఒకే ఒక్క వాక్యం జవాబు వచ్చింది: ఇది మా పరిధిలోని విషయం కాదు, ఔషధ నియంత్రణ అధికారులను సంప్రదించండి. ఈలోగా మిగతా పెట్టెల్ని వేరే షిఫ్టు వాళ్లు వార్డులకి పంపేశారు. ఎవరికీ ఏమీ కాలేదనే అనుకుంటున్నాను. నిజంగా తెలుసుకునే దారిని మాత్రం నేనే మూసేసుకున్నాను.

ఆ తర్వాత ఏ సంస్థ పేరు విన్నా నేను మొదట అడిగేది ఒక్కటే: దీని చేతిలో ఏముంది? అంటే, ఇది దేన్ని ఆపగలదు, దేన్ని రద్దు చేయగలదు? ఔషధ నియంత్రణ సంస్థ మందుని ఆపగలదు, తయారు చేసే చోటుని, అమ్మే చోటుని మూయించగలదు. కౌన్సిల్ మిమ్మల్ని ఆపగలదు, రిజిస్టరులోంచి మీ పేరు కొట్టేయగలదు. ఫార్మకోపియా, అంటే మందుల నాణ్యతా ప్రమాణాల పుస్తకం, కొలతని నిర్ణయిస్తుంది. సంఘం చేతిలో ఇలాంటి అధికారం ఏదీ లేదు. అందుకే దాన్ని దండగ అనుకుంటాం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొదట ఔషధ నియంత్రణ. అమెరికాలో ఎఫ్‌డీఏ, బ్రిటన్‌లో ఎంహెచ్‌ఆర్‌ఏ, ఐరోపా సమాఖ్యకి 1995లో మొదలైన ఈఎంఏ, మన దేశంలో కేంద్రంలో సీడీఎస్‌సీఓ, రాష్ట్రాల్లో ఔషధ నియంత్రణ శాఖలు. కొత్త మందుకి అనుమతి, ఫ్యాక్టరీకి లైసెన్సు, తనిఖీ, రీకాల్ (సరుకుని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించడం) అన్నీ ఈ వైపు పనులు. ఈ అధికారాలు ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టినవి కావు. ఒక్కోటీ ఒక్కో ఘోరం జరిగాక వచ్చింది.

1937లో అమెరికాలో మాసెంగిల్ అనే కంపెనీ సల్ఫనిలమైడ్ అనే మందుని పిల్లలు కూడా తాగేలా ద్రవంగా తయారు చేసింది. అది కరగడానికి డైఇథిలీన్ గ్లైకాల్ వాడారు. రుచి చూశారు, వాసన చూశారు, రంగు చూశారు. విషమా కాదా అన్నది మాత్రం చూడలేదు. చూడాలని చట్టం అడగలేదు కూడా. వంద మందికి పైగా చనిపోయారు, అందులో చాలామంది పిల్లలు. అప్పుడు ఎఫ్‌డీఏకి ఆ సరుకుని స్వాధీనం చేసుకోవడానికి దొరికిన ఆధారం ఏమిటో తెలుసా? సీసా మీద 'ఎలిక్సిర్' అని రాశారు, ఆ పేరు పెట్టాలంటే లోపల ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు. అంటే లేబుల్ తప్పు. ఆ మందు పేరు 'సొల్యూషన్' అయ్యుంటే చట్టప్రకారం ముట్టుకోవడానికి కూడా దారి ఉండేది కాదు. ఇన్‌స్పెక్టర్లు సేల్స్‌మెన్ వెంటా, దుకాణాల వెంటా, మందుల చీటీల వెంటా తిరిగి, తయారైన 240 గ్యాలన్లలో 234 గ్యాలన్లకు పైగా వెనక్కి రాబట్టారు. మరుసటి ఏడాది, 1938లో, అమ్మకానికి ముందే మందు ప్రమాదకరం కాదని చూపించాలనే చట్టం వచ్చింది.

గర్భిణులు వాడితే వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడోమైడ్ మందు కథ మీరు చదివే ఉంటారు కాబట్టి పొడిగించను. ఎఫ్‌డీఏలో 1960లో కొత్తగా చేరిన ఫ్రాన్సెస్ కెల్సీ, కంపెనీ ఎంత ఒత్తిడి పెట్టినా, ఈ సమాచారం చాలదని ఆ మందు అనుమతి ఫైలుని వెనక్కి పంపుతూనే ఉన్నారు. ఆవిడ అక్కడ చేసింది పరిశోధన కాదు, ఫైలు మీద సంతకం పెట్టకపోవడం. నియంత్రణ అంటే చాలాసార్లు అదే. మందు పని చేస్తుందని కూడా రుజువు చూపాలన్న నిబంధన 1962లో వచ్చింది. బ్రిటన్‌లో దుష్ప్రభావాల్ని తెలియజేసే ఎల్లో కార్డు పద్ధతి 1964లో మొదలైంది. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల మధ్య ఇలాంటి సమాచారం పంచుకునే కార్యక్రమం పెట్టింది. ఇప్పుడు ఆ రిపోర్టులు స్వీడన్‌లోని ఉప్సలా కేంద్రానికి చేరతాయి. ఇక్కడ మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది: దుష్ప్రభావం రిపోర్టు చేయడానికి అనుమానం ఉంటే చాలు, రుజువు అక్కర్లేదు. 'ఇది మందు వల్లే అని నాకెలా తెలుసు' అని ఆగిపోయే ఫార్మసిస్టుల్ని చాలామందిని చూశాను. తేల్చడం మీ పని కాదు. వంద చోట్ల నుంచి వంద అనుమానాలు ఒకచోట చేరితేనే అక్కడున్నవాళ్లకి బొమ్మ కనిపిస్తుంది.

తనిఖీ గురించి కూడా ఒక మాట. ఇన్‌స్పెక్టర్ వస్తున్నారంటే అందరికీ టెన్షన్. షెల్ఫులు తుడుస్తారు, ఎక్స్‌పైరీ సరుకు వెతుకుతారు. నేను చూసిన మంచి ఇన్‌స్పెక్టర్లలో ఒకరు షెల్ఫుల వైపు అసలు చూడలేదు. నేరుగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి ఉష్ణోగ్రత రిజిస్టరు అడిగారు. ఇన్సులిన్, వ్యాక్సిన్ల లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కదా, రోజుకి రెండుసార్లు రాయాలి. మా రిజిస్టరులో నెలంతా 4 డిగ్రీలే. ఆదివారాలు కూడా. ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, ఒకే వాలు. ఆయన పేజీని కాస్త పక్కకి వంచి వెలుతుర్లో చూసి, 'ఇది ఏ రోజు కూర్చుని రాశారు?' అని మెల్లగా అడిగారు. రాసిన జూనియర్ ముఖం పాలిపోయింది. తలుపు తీసి మూస్తుండే ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత కదలకుండా ఉండదు. 3.6, 5.1, 4.4 అని వంకరటింకరగా ఉన్న రిజిస్టరే నిజమైనది. నియంత్రణ సంస్థకి మీరు చూపించగలిగేది మీ మంచితనం కాదు, మీ కాగితాలే. వినడానికి విసుగ్గా ఉంటుంది కానీ మందు పాడైందో లేదో చూసి చెప్పలేనప్పుడు వేరే దారి లేదు.

ఇక ఫార్మకోపియా. ఒక మాత్రల స్ట్రిప్పు తీసుకుని మందు పేరు పక్కన చూడండి. ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా), బీపీ (బ్రిటిష్), యూఎస్‌పీ (అమెరికా) అని రెండు మూడు అక్షరాలు ఉంటాయి. మనం రోజూ చూస్తూ పట్టించుకోని అక్షరాలవి. దాని అర్థం: ఈ మాత్ర ఫలానా పుస్తకంలో ఈ మందు గురించి రాసిన పరీక్షలన్నిటికీ నిలబడుతుందని కంపెనీ మాట ఇచ్చింది. ఎంత మందు ఉండాలి, ఎంతసేపట్లో కరగాలి, ఏ మలినం ఎంతకు మించకూడదు, అన్నీ ఆ పుస్తకంలో ఉంటాయి. పుస్తకాన్ని బట్టి హద్దులు కూడా కొంచెం మారతాయి. పారాసెటమాల్ మాత్రలో చెప్పిన మోతాదులో 95 నుంచి 105 శాతం ఉండాలంటుంది బ్రిటిష్ ఫార్మకోపియా. అమెరికా పుస్తకం 90 నుంచి 110 వరకు ఒప్పుకుంటుంది. ఒకే మాత్ర ఒక పుస్తకంలో పాసై ఇంకో పుస్తకంలో ఫెయిలవడం అసాధ్యమేమీ కాదు.

ఇందులో నాకు నచ్చే విచిత్రం ఇంకోటి. అమెరికా ఫార్మకోపియాని ప్రభుత్వం పెట్టలేదు. 1820లో కొందరు డాక్టర్లు కలిసి మొదలుపెట్టారు. ఈనాటికీ అది ప్రభుత్వ సంస్థ కాదు. అయినా దాని ప్రమాణాల్ని చట్టం గుర్తించింది, వాటిని అమలు చేసేది ఎఫ్‌డీఏ. అంటే వృత్తిలో ఉన్నవాళ్లు రాసుకున్న కొలత చట్టం చేతికి కర్ర అయింది. ఫార్మకోపియా వాళ్లు వచ్చి ఎవరినీ పట్టుకోరు, కానీ వాళ్ల పుస్తకం లేకపోతే పట్టుకునేవాడికి కేసు నిలబడదు.

కౌన్సిల్ విషయానికొస్తే, అది మనిషి గురించి. ఏ చదువు చదివితే ఫార్మసిస్ట్ అవుతారు, ఏ కాలేజీకి గుర్తింపు ఉంది, రిజిస్టరులో ఎవరి పేరు ఉండాలి, తప్పు చేస్తే ఆ పేరు ఉండాలా పోవాలా. మన దగ్గర ఈ విభజన చట్టంలోనే కనిపిస్తుంది: మందుకి 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, మనిషికి 1948 నాటి ఫార్మసీ చట్టం. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రాష్ట్ర కౌన్సిళ్లు ఆ రెండో చట్టం పిల్లలు. అన్ని దేశాల్లో ఇలాగే ఉంటుందనుకోకండి. అమెరికాలో రాష్ట్రాల ఫార్మసీ బోర్డులు ఫార్మసిస్టుకీ లైసెన్సు ఇస్తాయి, ఫార్మసీకీ ఇస్తాయి. బయటి దేశానికి వెళ్లే ఆలోచన ఉంటే మొదట ఇదే కనుక్కోండి.

కౌన్సిల్‌కీ సంఘానికీ తేడా తెలియాలంటే బ్రిటన్ కథ ఒక్కటి చాలు. 1841లో అక్కడ ఫార్మసిస్టులు ఒక సొసైటీ పెట్టుకున్నారు. కాలక్రమంలో వృత్తిని పైకి తేవడమూ, తప్పు చేసినవాళ్లని శిక్షించడమూ రెండూ ఆ సొసైటీ చేతికే వచ్చాయి. ఒకే చేత్తో గొడుగూ పట్టాలి, బెత్తమూ పట్టాలి. సభ్యులకేమో మా డబ్బుతో నడుస్తూ మమ్మల్నే విచారిస్తారా అని కోపం. బయటివాళ్లకేమో వాళ్లలో వాళ్లు సర్దుకుంటున్నారేమో అని అనుమానం. చివరికి 2010 సెప్టెంబరులో రెండుగా విడదీశారు. రిజిస్టరు, విచారణ, ఫార్మసీల తనిఖీ జనరల్ ఫార్మస్యూటికల్ కౌన్సిల్‌కి వెళ్లాయి. పాత సొసైటీ వృత్తి సంఘంగా మిగిలింది, సభ్యత్వం ఐచ్ఛికమైంది. కౌన్సిల్ ఉన్నది రోగి కోసం. మీరు ఫీజు కట్టినంత మాత్రాన అది మీ తరఫున మాట్లాడదు, మాట్లాడకూడదు కూడా. కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చినప్పుడు 'ఇన్నేళ్లుగా ఫీజు కడుతున్నానే, నన్నే అడుగుతారా' అని బాధపడ్డవాళ్లు నాకు తెలుసు. ఆ బాధ తప్పు చోట పడుతున్నారు.

మీరు దండగ అన్న సంఘాల సంగతి ఇక్కడే మొదలవుతుంది. నోటీసు వచ్చిన రోజున మీ వైపు కూర్చునేది ఎవరు? చాలా దేశాల్లో అది సంఘం లేదా మీ బీమా. కానీ నేను సంఘాల్ని గౌరవించేది అందుకొక్కందుకే కాదు.

ఒకసారి హైడ్రాక్సిజిన్ ఇవ్వాల్సిన చోట హైడ్రాలజిన్ తీశాను. ఒకటి దురదకీ అలర్జీకీ, రెండోది రక్తపోటుకి. షెల్ఫులో పక్కపక్కనే, అక్షరక్రమంలో పొందిగ్గా ఉన్నాయి. మందు చేతికి ఇచ్చే ముందు రెండో మనిషి చీటీతో సరిచూస్తే దొరికింది. ఇలాంటి పొరపాటుకి కౌన్సిల్ చూసే చూపు వేరు: ఈ మనిషి పని చేయడానికి తగినవాడేనా? నియంత్రణ సంస్థ చూసే చూపు వేరు: ఈ పేర్లకి అనుమతి ఇవ్వడంలోనే తేడా ఉందా? కానీ రేపు పొద్దున్న ఆ షెల్ఫుని ఎలా సర్దుకోవాలో చెప్పేది ఎవరు? మందుల పొరపాట్లని అరికట్టడానికి పనిచేసే ఐఎస్‌ఎంపీ లాంటి భద్రతా సంస్థలూ, ఆసుపత్రి ఫార్మసిస్టుల సంఘాలూ. తికమక పెట్టే పేర్ల జాబితాలు వాళ్ల దగ్గర ఉంటాయి. అలాంటి జంటల్లో తేడా ఉన్న అక్షరాల్ని మాత్రం ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాల్లో రాయండి, పక్కపక్కన పెట్టకండి అని వాళ్లే చెబుతారు. ఈ సలహాని పాటించకపోతే మిమ్మల్ని ఎవరూ జైల్లో పెట్టరు. పాటిస్తే మాత్రం నాలాంటివాడి చెయ్యి పొరపాటున ఆ డబ్బా మీదికి వెళ్లదు.

సంఘాలు చట్టాన్ని కూడా మార్చగలవు. బ్రిటన్‌లో ఒకప్పుడు పొరపాటున తప్పు మందు ఇస్తే, తెలియక జరిగినా సరే, అది దానంతటదే నేరం. దాంతో ఏమైంది? పొరపాట్లు జరిగితే చెప్పుకోవడానికి అందరికీ భయం. చెప్పుకోకపోతే ఎవరూ నేర్చుకోరు. ఫార్మసిస్టుల సంఘాలు ఏళ్ల తరబడి వాదించాక 2018లో, కొన్ని షరతులకు లోబడి, రిజిస్టరైన ఫార్మసీల్లో పనిచేసేవాళ్లకి చట్టంలో రక్షణ దొరికింది. అది కౌన్సిల్ చేసే పని కాదు. ఒక్కడిగా మీరూ నేనూ చేయగలిగే పనీ కాదు.

అయితే కళ్లు మూసుకుని నమ్మమనను. సంఘం సభ్యుల ప్రయోజనం కోసం ఉంది. ఫలానా సేవ ఫార్మసిస్టులే చేయాలి, దానికి డబ్బివ్వాలి అని సంఘం అన్నప్పుడు అందులో రోగి మేలూ ఉండొచ్చు, మన మేలూ ఉండొచ్చు. రెండిటినీ విడదీసి చదవడం అలవాటు చేసుకోండి. అన్నిట్లో చేరక్కర్లేదు, మీరు చేసే పనికి దగ్గరగా ఉన్నది ఒక్కటి చాలు. 1912లో హేగ్‌లో పుట్టిన ఎఫ్‌ఐపీ లాంటి ఫార్మసిస్టుల అంతర్జాతీయ సమాఖ్యలో సభ్యత్వం గురించి ఇప్పుడే ఆలోచించక్కర్లేదు, వాళ్ల మార్గదర్శకాలు చదివితే చాలు.

పరిధుల మధ్య సందులుంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి, నన్నడిగితే వీటన్నిటిలోకీ పెద్ద ప్రమాదం అదే. 2012లో అమెరికాలో ఒక కాంపౌండింగ్ ఫార్మసీ (డాక్టరు చీటీని బట్టి ఒక్కో రోగికి మందు కలిపి ఇచ్చే చోటు) తయారుచేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో ఫంగస్ చేరింది. 750 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. కాగితాల మీద అది ఫార్మసీ, కాబట్టి రాష్ట్ర బోర్డు చూసుకోవాలి. చేస్తున్న పని మాత్రం ఫ్యాక్టరీ పని, వేల వయల్స్ తయారుచేసి అనేక రాష్ట్రాలకి పంపడం. ఫ్యాక్టరీ అయితే ఎఫ్‌డీఏ చూడాలి. ఇద్దరికీ అంతకుముందే కొన్ని ఫిర్యాదులు అందాయి. ఎవరి అధికారం ఎక్కడిదాకా అన్న మీమాంసలో గట్టి చర్య పడలేదు. 2013లో చట్టం మార్చి, చీటీ లేకుండా పెద్దమొత్తంలో తయారుచేసేవాళ్లకి వేరే వర్గం పెట్టారు. 'ఇది మా పరిధి కాదు' అన్న జవాబు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, ఆ జవాబు నిజమే అయినా సరే.

ప్రపంచ ఆరోగ్య సంస్థని కూడా పెద్ద పోలీసులా ఊహించుకోవద్దు. 2022 అక్టోబరులో గాంబియాలో పిల్లల మరణాల తర్వాత నాలుగు సిరప్‌ల గురించి అది హెచ్చరిక జారీ చేసింది. వాటిలో దొరికింది మళ్లీ అదే డైఇథిలీన్ గ్లైకాల్, దానికి తోడు ఇథిలీన్ గ్లైకాల్. 1937కీ దానికీ మధ్య ఎనభై అయిదేళ్లు. కానీ ఆ సంస్థ ఏ ఫ్యాక్టరీ గేటుకీ తాళం వేయలేదు. హెచ్చరిస్తుంది, ప్రమాణాలు రాస్తుంది, దేశాలకి సాయం చేస్తుంది. తాళం వేయాల్సింది ఆ దేశపు నియంత్రణ సంస్థే. 1990లో మొదలైన ఐసీహెచ్ కూడా అంతే. అనుమతి దరఖాస్తులు దేశానికో తీరుగా ఉండకుండా ఒక పద్ధతికి తెచ్చింది, అనుమతులు మాత్రం ఇవ్వదు.

చివరగా మీరు అడిగిన 'ఎవరితో ఏం పని'. మందులో లోపం కనిపిస్తే ఔషధ నియంత్రణ శాఖకీ తయారీదారుకీ. మందు వాడినవాళ్లకి ఏదైనా తేడా చేస్తే దుష్ప్రభావాల రిపోర్టులు తీసుకునే ఫార్మకోవిజిలెన్స్ కేంద్రానికి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఫార్మసిస్టుగా కూర్చున్నా, తోటి ఫార్మసిస్ట్ తాగి పనికొస్తున్నా కౌన్సిల్‌కి. పొరపాటు జరగబోయి ఆగితే మీ సంస్థలో ఉన్న రిపోర్టు పద్ధతిలో రాయండి, లేకపోతే పెట్టించండి. జీతం, పనిగంటల గొడవకి కౌన్సిల్ తలుపు తట్టకండి, అది సంఘం పని, లేదా కార్మిక చట్టం పని.

ఆంపూల్‌లో నూలుపోగు కనిపిస్తే మాత్రం ఉత్తరం రెండో పని. మొదట ఆ బ్యాచ్ నంబరు రాసుకోండి. షెల్ఫులో, వార్డుల్లో, ఎమర్జెన్సీ ట్రేలో ఆ నంబరు ఉన్న పెట్టెలన్నీ వెనక్కి తెప్పించి, 'వాడకూడదు' అని చీటీ అంటించి తాళం వేసి పెట్టండి. తర్వాతి షిఫ్టు వాళ్లకి నోటితో చెప్పి ఊరుకోకుండా రాసి పెట్టండి. పోగు కనిపించిన ఆంపూల్‌ని విరగ్గొట్టకుండా, లేబుల్ చెరగకుండా, పెట్టెతో సహా దాచండి. నేను పారేసిన ఆ మూడూ ఉండి ఉంటే, ఆలస్యంగానైనా ఎవరో ఒకరు పరీక్ష చేసి ఉండేవారు.